సర్వమత బోర్డు మీద ఏం పెట్టాలె? చంద్రవంక వద్దంటరు, సిలువ మీద యేసు వద్దంటరు

రేడియం_సాగర్
హన్మకొండల నాది రేడియం, ఫ్లెక్స్ షాపు. ఒక ప్రైవేటు స్కూలోల్లు ప్రేయర్ హాల్ గోడకు సర్వమత బోర్డు కావాలన్నరు, పెద్ద షీటు మీద వినైల్ కటింగు. ఓంకారం, సిలువ, చంద్రవంక-చుక్క, మామూలుగ అందరికి ఏసేదే ఏసిన. ప్రూఫు వాట్సాప్ల పెట్టంగనే లొల్లి షురువైంది. ఆళ్ల ఉర్దూ సారేమో చంద్రవంక ఇస్లాం గుర్తే కాదు తీసెయ్ అంటడు. ఇంగ్లీష్ మేడం సిలువ మీద యేసుప్రభు ఉండాలె అంటది, పీఈటీ సారు ఉండొద్దంటడు, ఇద్దరు క్రిస్టియన్లే మల్ల. కరస్పాండెంటు మధ్యల దూరి యూదు మతం గూడ పెట్టు, పిల్లలకు జీకే అయితది అన్నడు. ఆరు మూలల చుక్క పెడితే గది మన షట్కోణం కదా అని ఆయనే వాపస్ కొట్టిండు. అడ్వాన్సు తప్ప పైసల్ రాలే. ఎవ్వరు గులగకుండ ఉండేది ఏదన్న ఉంటే చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్
ఎవ్వరు గులగొద్దంటే ఖాళీ షీటు బిగించి రా. లేదంటే నిజాం జెండ లెక్క నడిమిట్ల కుల్చా రొట్టె పెట్టు, అందరు తింటరు.

సలీమ్_మట్టెవాడ
ఆ ఉర్దూ సారు ఉత్తగ అనలే. చంద్రవంక మా మతం గుర్తు అని ఖురాన్‌ల లేదు. నెలవంక చూసి రంజాన్ మొదలువెడతం, నెలవంక చూసి పండుగ చేస్తం, అది నెలల లెక్క. ఉస్మానియా తుర్కులు జెండ మీద పెట్టుకున్నరు, ఆళ్లది అంత పెద్ద రాజ్యం గావట్టి బయటోల్లకు ముస్లిం అంటే అదే గుర్తు లెక్క పడిపోయింది. 1876-78 ల రష్యాతోని యుద్ధమైనప్పుడు మా దవాఖాన బండ్ల మీద సిలువ వద్దు అని తుర్కులు ఎర్ర చంద్రవంక పెట్టుకున్నరు, రెడ్ క్రెసెంట్ అట్లొచ్చింది. సౌదీ జెండ చూడు, దాని మీద చంద్రవంకెక్కడిది? కలిమా, అంటే అల్లా ఒక్కడే అనే మా సాక్ష్యం మాట, దాని కింద తల్వార్, అంతే.

రేడియం_సాగర్
మరి మసీదు గుమ్మటాల మీద ఉంటది కదా సలీమన్న? పోనీ 786 పెట్టాల్నా? ఆటోలకు, లారీలకు నేనే ఎన్ని కొట్టిచ్చిన్నో లెక్కలేదు.

సలీమ్_మట్టెవాడ
గుమ్మటం మీది అలంకారం, దానికెవ్వరు మొక్కరు. 786 అంటే బిస్మిల్లాల అక్షరాలకు విలువలేసి కూడితే వచ్చే లెక్క. మన దిక్కు అందరు రాస్తరు గని చానమంది ఆలిములు, మత పండితులు, ఒప్పుకోరు, అంకె రాస్తే పేరు రాసినట్టు గాదంటరు. అల్లా అని అరబీల మంచిగ రాపిచ్చుకో, పనైతది.

జెస్సీ_ఫాతిమానగర్
మేడం చెప్పిందే కరెక్టు సాగర్ గారూ. ఉత్త సిలువ ఎవరైనా గీస్తారు, ప్రభువు శరీరం ఉంటేనే అది మా సిలువ, పైన చిన్న పలక మీద ఐ ఎన్ ఆర్ ఐ అని నాలుగు అక్షరాలు కూడా మర్చిపోవద్దు. నజరేయుడైన యేసు, యూదుల రాజు అని లాటిన్‌లో పొడి అక్షరాలు అవి. మా కెథీడ్రల్‌కి ఒకసారి వచ్చి చూడండి, ఎవరూ వద్దనరు.

సునీల్_పరకాల
ప్రభువు లేచిండు గదా అక్కా, ఇంకా సిలువ మీదనే ఎందుకు పెట్టుడు? మా బాప్టిస్టు చర్చిల ఉత్త సిలువనే ఉంటది. మా మేనమామోల్ల సంఘంల అది గూడ ఉండది, వేదిక, మైకు, వెనుక వాక్యం బ్యానరు. "పైన ఆకాశమందే గాని క్రింది భూమియందే గాని" ఉన్న దేని రూపం చేసుకోవద్దని నిర్గమకాండం 20ల సాఫ్ సీదగ ఉంది. కేథలిక్కులు ఆ ఆజ్ఞను మొదటిదాంట్ల కలిపేసి లెక్క పదికి సరిచేసిన్రు, అడుగుతె జవాబు ఉండది.

జెస్సీ_ఫాతిమానగర్
@సునీల్ జవాబు ఉంది తమ్ముడూ. ఆ లెక్క అగస్టీన్ కాలం నుంచి ఉన్నది, మార్టిన్ లూథర్ సంఘం వాళ్లు కూడా అదే లెక్క పెడతారు, వాళ్లని అడిగావా? అదే నిర్గమకాండంలో ఐదు అధ్యాయాలు ముందుకు పోతే దేవుడే ఆజ్ఞల పలకలు పెట్టే మందసం మీద బంగారు కెరూబులు, అంటే రెక్కల దూతలు, చేయమన్నాడు. సంఖ్యాకాండం 21లో ఇత్తడి సర్పం చేసి స్తంభం మీద పెట్టమన్నది కూడా ఆయనే.

సునీల్_పరకాల
ఆ సర్పం తర్వాత ఏమైందో గూడ చదువక్కా. రెండో రాజులు 18:4. జనం దానికి ధూపం ఏసుడు మొదలువెడితే హిజ్కియా రాజు ముక్కలు ముక్కలు చేసిండు. మోషే చేసిందని గూడ చూడలే.

కాజీపేట_జంక్షన్
సాగరన్న పైసల కోసం పోస్టు వెడితే ఈడ బైబిల్ క్విజ్ నడుస్తాంది. సర్టిఫికెట్ ఎవరిస్తరు?

లైబ్రరీ_పురుగు
ఈ ఇద్దరి పంచాయితీ కొత్తదేం కాదు, బైజాంటియం రాజ్యంలో వందేళ్లకు పైగా ఇదే నడిచింది. 8వ శతాబ్దంలో చక్రవర్తులే పటాలు తీయించేశారు, 787లో నికేయా సభ పటాలు పెట్టుకోవచ్చంది, మళ్లీ నిషేధం వచ్చింది, 843లో గానీ తేలలేదు. ఇందులో నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. పటాలు ఉండాలని అందరికంటే గట్టిగా రాసిన దమాస్కస్ యోహాను క్రైస్తవ చక్రవర్తి రాజ్యంలో లేడు, ఖలీఫా రాజ్యంలో ఉన్నాడు. అందుకే చక్రవర్తి చెయ్యి ఆయన దాకా పోలేదు.

ఇంకో సంగతి, మొదటి క్రైస్తవులకు సిలువ మీద యేసు బొమ్మే కాదు, సిలువ గీయడం కూడా అంత ఇష్టం ఉన్నట్టు కనబడదు. రోమ్ భూగర్భ సమాధుల్లో చేప, లంగరు, భుజం మీద గొర్రెను మోసే కాపరి ఇవే ఎక్కువ. వాళ్ల కళ్ల ముందే దొంగలకు సిలువ వేస్తున్నారు, దాన్ని గోడ మీద ఎవడు గీసుకుంటాడు? సిలువ వేసిన యేసును చర్చి కోసం చెక్కిన పాత బొమ్మల్లో ఒకటి రోమ్‌లో సాంటా సబీనా చర్చి కట్టె తలుపు మీద ఉంది, అది 5వ శతాబ్దంది. కాబట్టి సాగర్, చేప పెట్టు. కేథలిక్కులూ కాదనరు, బాప్టిస్టులూ కాదనరు.

రేడియం_సాగర్
చేప పెడితే అక్వేరియం షాపు అనుకుంటరు సార్.

మెదక్_చర్చిగంట
సునీల్ బ్రదర్, బొమ్మలు ప్రొటెస్టెంట్లకు అస్సలు పడయి అంటె మెదక్ ఒచ్చి చూడు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), పక్కా ప్రొటెస్టెంట్ మిషన్ కట్టింది. పోస్నెట్ దొర కరువు కాలంల జనానికి పని దొరకాలె, తిండి దొరకాలె అని మొదలువెట్టిండు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, గోపురం 175 ఫీట్లు. లోపట మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు, పుట్టుక, సిలువ, పరలోకం పోవుడు, ఇంగ్లండ్ల ఫ్రాంక్ సాల్స్‌బరీ అనే ఆర్టిస్టు చేసినయి. పొద్దుగాల పోయి బయట నిలవడితె ఆ కిటికీలు నల్లగ, సీసం గీతలు తప్ప ఏం కనవడది. లోపటికి పోంగనే నీలం, ఎరుపు కింద బండల మీద పడి ఉంటయి, పిల్లలు ఆ రంగుల మీద చెయ్యి పెట్టి చూసుకుంటరు. పొద్దుగూకిందంటె లోపట గూడ బొమ్మ లేనట్టే. దానికి ఎవ్వరు మొక్కరు, అగర్బత్తి పెట్టరు. కథ చెప్పుడే దాని పని.

సునీల్_పరకాల
మెదక్ చూసిన బ్రదర్. అద్దం మీద బొమ్మ వేరు, పూలదండేసే బొమ్మ వేరు, నేనన్నది దండ గురించి.

జగిత్యాల_టు_టెలవీవ్
యూదులది నేను చెప్త. నేనీడ ఇజ్రాయెల్ల కేర్‌గివర్ పని చేస్తున్న, మన జగిత్యాల, నిజామాబాద్ దిక్కోల్లు మస్తుమంది ఉన్నరు. ఇండ్లల్ల దేవుని పటం ఉండది, విగ్రహం ఉండది. తలుపు కుడిదిక్కు కట్టెకు వేలంత డబ్బీ కొట్టి ఉంటది, మెజూజా అంటరు, మీద షిన్ అని ఒక్క హీబ్రూ అక్షరం. పోయేటోల్లు ఒచ్చేటోల్లు దాన్ని ముట్టి వేళ్లు పెదవులకు ఆనిచ్చుకుంటరు. ఇంతకుముందు నేను చూసుకున్న పోలండ్ ముసలాయన ఇంట్ల అది ఏటవాలుగ ఉండె, ఇప్పటి అవ్వోల్లు మొరాకో నుంచి ఒచ్చినోల్లు, ఈమె ఇంట్ల నిటారుగ ఉంటది. నేను తుడుస్తుంటె ఒకటి కొద్దిగ ఒంగింది, గంతకే అవ్వ కొడుకుకు ఫోన్ చేసింది. లోపట తోలు మీద చేత్తోని రాసిన వాక్యం ఉంటది, ద్వితీయోపదేశకాండంది, ఒక్క అక్షరం పోయినా అది చెల్లది. ప్రింటు గూడ చెల్లది సాగరన్న, నీ మిషిన్ పనికిరాదు ఈడ.

రేడియం_సాగర్
మరి ఆ చుక్క?

జగిత్యాల_టు_టెలవీవ్
జెండ మీద ఉంటది, అంబులెన్స్ మీద ఎర్రగ ఉంటది. గని సర్కారు ముద్ర మీద ఏడు కొమ్మల దీపస్తంభం. బోర్డుకు అది పెట్టు, మెనోరా. తొమ్మిది కొమ్మలది పెట్టకు, అది హనుక్కా పండుగది, మన మలయాళం సిస్టర్లు గూడ రెండు ఒకటే అనుకుంటరు.

లైబ్రరీ_పురుగు
జగిత్యాల తమ్ముడి సలహా బాగుంది. ఆరు మూలల చుక్క యూదులదే అని పక్కా అయింది చాలా ఆలస్యంగా. పాత సమాజ మందిరాల్లో అక్కడక్కడా ఉండేది కానీ అదే చుక్క సులేమాన్ (సొలొమోను రాజు) ముద్ర అని ముస్లింల గిన్నెల మీద, గోడల మీద కూడా ఉంది, మన యంత్రాల్లో ఉన్నదైతే చెప్పేదే లేదు. 1897లో బాసెల్‌లో యూదులకు సొంత దేశం కావాలనే జియోనిస్టులు సభ పెట్టుకున్న తర్వాత దానికి జోరు వచ్చింది. 1941లో జర్మనీలో నాజీలు పసుపు గుడ్డ మీద అదే చుక్క కుట్టుకుని తిరగమన్నారు. 1948లో అదే ఇజ్రాయెల్ జెండా మీదికి వచ్చింది. మెనోరా అట్లా కాదు, గుడిలోదే. క్రీ.శ. 70లో యెరూషలేం గుడి పడగొట్టి రోమ్ వాళ్లు దాన్ని భుజాల మీద మోసుకుపోతున్న చెక్కడం రోమ్‌లో టైటస్ తోరణం మీద ఇప్పటికీ ఉంది. 1949లో ఇజ్రాయెల్ ముద్ర గీసినప్పుడు ఆ దీపస్తంభం ఆకారం ఆ తోరణం నుంచే తీసుకున్నారు. ఓడగొట్టినోడు చెక్కించుకున్న బొమ్మ అది!

బొమ్మల_శీను_కరీంనగర్
యూదులకు బొమ్మలు అస్సలు నిషేధం అని మా డిగ్రీ సార్ చెప్పిండు, మరి దీపస్తంభం బొమ్మ కాదా?

లైబ్రరీ_పురుగు
@శీను నిషేధం మొక్కే బొమ్మకు. అయినా ఆ గీత ఎక్కడ గీయాలో వాళ్లలో వాళ్లకే ఒక్కో కాలంలో ఒక్కో తీరు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దురా యూరోపోస్ అనే ఊర్లో 1932లో ఒక యూదు మందిరం బయటపడింది, 244 ప్రాంతంలో రంగులేసింది. గోడల నిండా మనుషులే, మోషే ఉన్నాడు, ఫరో బిడ్డ నీళ్లలో దిగి పసివాణ్ణి ఎత్తుకుంటున్నది ఉంది. దేవుణ్ణి మాత్రం గీయలేదు, పైనుంచి దిగే ఒక చెయ్యి, అంతే. శత్రువులు వస్తున్నారని కోట గోడ గట్టిపడడానికి ఆ మందిరాన్ని మట్టితో నింపేశారు, అందుకే రంగులు మిగిలాయి. అదే వాడలో క్రైస్తవుల ప్రార్థన ఇల్లు కూడా దొరికింది, దాంట్లో గొర్రెల కాపరి బొమ్మ. ఇజ్రాయెల్‌లోనే బేత్ ఆల్ఫా అని ఉంది, కిబ్బుట్జ్ (ఉమ్మడి వ్యవసాయం చేసే ఊరు) వాళ్లు నీళ్ల కాలువ తవ్వుతుంటే తేలింది, 6వ శతాబ్దపు మందిరం నేల మీద పన్నెండు రాశులు, నడుమ నాలుగు గుర్రాల రథం మీద సూర్యుడు. మన సూర్యుడికి ఏడు గుర్రాలు, అంతే తేడా.

జనగామ_యాదగిరి
పైనుంచి దిగే చెయ్యి అనంగనే మా ఊరి పీర్లు యాదికొచ్చినయి. మా తాతల కాడి నుంచి పీరు ఎత్తుకునేది మా ఇంటోల్లే, మేం ముస్లింలం గాదు. పీర్ల కొట్టంల పెట్టెల నుంచి తీసి చింతపండుతోని తోమి, ఊదు ఏసి, దట్టీలు గట్టి నిలవెడతరు. పెద్ద పీరు పంజానే, అయిదు వేళ్ల ఇత్తడి చెయ్యి. మా నాయిన ఎత్తుకున్నప్పుడు డప్పు మీద దెబ్బ పడంగనే కర్ర దానంతలదే ఊగుతది, అసోయ్ దూలా అని గుండం చుట్టు తిరుగుతరు, చూస్తె తెలుస్తది. మలీద ముద్దల కోసం మేం పోరగాండ్లం ఎగవడేది. మరి ఇస్లాంల బొమ్మ ఉండదంటరు గదా, పీరు ఏంది?

సలీమ్_మట్టెవాడ
యాదగిరన్న, నీ మనసు నొప్పియ్యాలని గాదు గని మేం దాన్ని ఒప్పుకోం. దీన్ల, అంటే మా మతంల, అది లేదు. మా ఇంట్ల మొహర్రం పది దినాలు రోజా ఉంటం, శర్బత్ పోస్తం, పీరు కాడికి పోం.

అబ్బాస్_నూర్ఖాన్‌బజార్
సలీం భాయ్ మీ ఇంట్ల మీ ఇష్టం, దీన్‌ల లేదని అందరి తరఫున చెప్పకున్రి. మీరు పీరు అనేది మాకు అలం, అది బొమ్మ కాదు, జెండా. కర్బలా యుద్ధంల, 680ల, ప్రవక్త మనుమడు హుస్సేన్ గారి జెండా మోసింది అబ్బాస్ గారు, నీళ్ల కోసం నదికి పోతే రెండు చేతులు నరికిన్రు. ఆ చేతుల యాది అని కొందరు, ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్ అయిదుగురు అని కొందరు చెప్తరు. హైదరాబాద్‌ల మొహర్రం పదో దినం బీబీ కా అలం ఏనుగు మీద పోతది. చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షానే 1590ల్ల బాద్షాహీ ఆషూర్ఖానా, అంటే అలంలు నిలవెట్టే ఇల్లు, కట్టిచ్చిండు. దాని గోడల మీద 1611ల పెట్టిన టైల్స్‌ల పెద్ద పెద్ద అలం ఆకారాలు ఉంటయి, లోపల అరబీ అక్షరాలు పూల తీగల్లెక్క చుట్టుకుని ఉంటయి. మనిషి లేడు, జంతువు లేదు. 1908 మూసీ వరదలకు కింది వరస ఖరాబైంది, పైన పసుపు, నీలం ఇప్పటికీ చమకాయిస్తది.

సలీమ్_మట్టెవాడ
మీరు మీది చెప్పిన్రు, నేను మాది చెప్పిన భాయ్. కాజీపేట దర్గా ఉర్సుకు నేను గూడ పోత, అక్కడ దండం పెట్టేటోల్లు ఉంటరు, నేను ఫాతిహా చదివి ఒచ్చేస్త.

జగిత్యాల_టు_టెలవీవ్
చెయ్యి ఈడ గూడ ఉంది. అవ్వ ఇంట్ల గుమ్మం మీద, ఫ్రిజ్ మీద, తాళం చెవులకు, అయిదు వేళ్ల హంసా, నడిమిట్ల నీలం కన్ను. దిష్టికి. మోషే అక్క మిర్యాము చెయ్యి అంటది అవ్వ. మా పక్క ఫ్లాట్ల అరబ్ డ్రైవర్ కార్ల గూడ అచ్చం అదే ఏలాడుతది, ఆయన ఫాతిమా చెయ్యి అంటడు. ఒక్క కార్ఖానాలనే చేసి ఉంటరు. ఇంకోటి, వాళ్ల ధర్మశాస్త్రం తోరా చుట్టను వేలితోని ముట్టరు, వెండి పుల్ల పెట్టి చదువుతరు, దాని కొస మీద చూపుడు వేలు చాపిన చిన్న చెయ్యి ఉంటది.

కాజీపేట_జంక్షన్
మూడు మతాలకు చెయ్యి గుర్తు పెట్టు సాగరన్న. ఎలక్షన్ కోడ్ వస్తె మాత్రం కప్పాలె.

మాడరేటర్_ఓరుగల్లు
రాజకీయం ఇక్కడ వద్దు. ఇంకో మాట, ప్రవక్త చిత్రాలున్న లింకు ఒకరు పెట్టారు, తీసేశాను. పాత పర్షియా, తుర్కీ పుస్తకాల్లో ముఖానికి ముసుగేసి గీసినవి ఉన్నాయన్నది చరిత్ర, దాని మీద మాట్లాడుకోండి. బొమ్మ మాత్రం ఈడ పెట్టకండి.

బొమ్మల_శీను_కరీంనగర్
అవి మ్యూజియంల ఉన్నప్పుడు ఈడ ఎందుకొద్దు?

సలీమ్_మట్టెవాడ
మ్యూజియంకు ఇష్టమున్నోడు పోతడు తమ్మి. ఈడ అందరి ఫోన్ల మీదికి ఒస్తది.

లైబ్రరీ_పురుగు
ఇస్లాంలో బొమ్మ సంగతి కూడా ఒక్క ముక్కలో తేలేది కాదు. ఖురాన్‌లో విగ్రహాలకు మొక్కడం మీదే కోపం, బొమ్మ గీసేవాడి మీద గట్టి మాటలు ప్రవక్త మాటలు చెప్పే హదీసుల్లో వస్తాయి. సులేమాన్ కోసం జిన్నులు బొమ్మలు చేశారని ఖురాన్ 34వ సూరా (అధ్యాయం)లో మామూలుగానే చెప్తుంది. మొదట్లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ నాణెం మీద తన బొమ్మే వేయించుకున్నాడు, నిలబడి కత్తి పట్టుకుని. 690ల్లోనే అది తీసేసి మొత్తం అక్షరాలే పెట్టించాడు. యెరూషలేంలో 691-92 నాటి బంగారు గుమ్మటం కట్టించిందీ ఆయనే, లోపల చెట్లు, నగలు, ద్రాక్ష గుత్తులు, వాటి పైన పొడుగునా వాక్యాల పట్టీ. ప్రాణం ఉన్నదొక్కటీ లేదు. చేతికి బొమ్మ దొరకకపోతే పనితనం అంతా అక్షరం మీదికి పోయింది. ఇప్పుడు సాగర్ షాపులో జరుగుతున్నది కూడా అదే కదా.

రేడియం_సాగర్
షాపుల జరిగేది చెప్త సార్ వినున్రి. సలీమన్న మాట పట్టుకుని అల్లా అని, కింద చిన్నగ బిస్మిల్లా గూడ ప్లాటర్ల కటింగ్ ఏసిన. తెలుగు అయితే పెద్ద పెద్ద సున్నలు, కటింగు అయినంక చుట్టున్న వినైలు ఈజీగ లేస్తది. అరబీ చుక్కలు ఆవగింజంత. సూదితోని ఫాల్తు వినైలు లేపుతుంటే చుక్క దాన్నంటుకుని ఒచ్చేస్తది, మల్ల ఎతికి పెట్టాలె. ఏ చుక్క ఏ అక్షరం కిందిదో నాకు తెల్వది, పైన పెట్టేది కింద పెడితే వేరే అక్షరం అయితదట. ఇంకోటి, అద్దం లోపటి దిక్కు అంటివ్వాలన్నరు, అంటే మిర్రర్ కొట్టాలె. తిరగేసి కొట్టినంక అది సీదనా ఉల్టనా ఎట్ల చెప్పుడు? పోరడు ఒకటి తప్పు ఏస్తే ఉర్దూ సార్ మొఖం చూడాలె.

సలీమ్_మట్టెవాడ
సౌదీ జెండ గూడ గదే తిప్పలు, ఎటు దిక్కు చూసినా కుడి నుంచే చదవొచ్చేటట్టు రెండు గుడ్డలు కలిపి కుడతరు. ఆ జెండను సంతాపానికి గూడ సగం దించరు, కలిమా ఉందని. నువ్వు ఫోటో నాకు పంపు, చుక్కలు నేను చూసి చెప్త.

జెస్సీ_ఫాతిమానగర్
సాగర్ గారూ తప్పు పోయిన కటింగ్ ఏం చేస్తున్నారు? చెత్తలోనా?

రేడియం_సాగర్
గంపల ఏస్త, సాయంత్రం మున్సిపాలిటీ బండికి పోతది. ఏమైందక్కా?

సలీమ్_మట్టెవాడ
ఆగాగు. అల్లా పేరున్నది చెత్త బండికి ఎయ్యకు. చిరిగిన ఖురాన్ పేజీలు గూడ మేం బట్టల చుట్టి ఎవ్వరు తొక్కని జాగల బొందవెడతం, లేకుంటే పారే నీళ్లల్ల ఏస్తం.

జెస్సీ_ఫాతిమానగర్
మాకూ అంతే, ఆశీర్వదించిన జపమాల తెగినా, పటం పగిలినా కాల్చాలి లేదా పాతిపెట్టాలి. మట్టల ఆదివారం ఇచ్చిన మట్టలు ఇంట్లో దాచి మళ్లీ ఏడాది గుడికి ఇస్తాం, అవి కాల్చిన బూడిదే బూడిద బుధవారం నుదుటి మీద పెడతారు.

సునీల్_పరకాల
మా ఇంట్ల పాత బైబిల్ అట్ట ఊడిపోయి ఏండ్లయింది, పడేయబుద్ది గాక బీరువల పెట్టినం. ఎందుకో నన్నడగకున్రి.

జెస్సీ_ఫాతిమానగర్
దండ వేశావా తమ్ముడూ 😄

జగిత్యాల_టు_టెలవీవ్
వీళ్లయితే దానికి ఒక అర్రనే పెడతరు. దేవుని పేరున్న కాగితం ఏదైనా సినగాగ్‌ల డబ్బాల ఏస్తరు, నిండినంక స్మశానంల పూడుస్తరు. నేను అవ్వ పాత ప్రార్థన పుస్తకం తీసుకపోయి ఏసొచ్చిన.

లైబ్రరీ_పురుగు
ఆ అర్రను గెనీజా అంటారు. కైరోలో బెన్ ఎజ్రా మందిరం వాళ్లు వందల ఏళ్లు వేస్తూనే పోయారు, పూడ్చడం పెద్దగా పట్టించుకోలేదు. 1896-97లో షెక్టర్ అనే పండితుడు వెళ్లి దుమ్ములో కూర్చుని ఏరి కేంబ్రిడ్జికి తెచ్చినవే సుమారు రెండు లక్షల ముక్కలు. లేఖనాలే కాదు, పెండ్లి ఒప్పందాలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు, బాకీ ఉత్తరాలు అన్నీ. 12వ శతాబ్దంలో మన మంగళూరులో ఇత్తడి కార్ఖానా పెట్టుకున్న అబ్రహాం బెన్ యీజు అనే యూదు వ్యాపారి ఉత్తరాలు కూడా అందులోనే దొరికాయి. పగిలిన ఇత్తడి సామాన్లు అటునుంచి పంపేవాళ్లు, ఇక్కడ కరిగించి కొత్తవి చేసి పంపాలి, తూకం ఎంత, ఎంత తరుగు పోయింది, అన్నీ రాసుకున్నారు.

జనగామ_యాదగిరి
తరుగు లొల్లి అప్పటి నుంచే ఉన్నదా. మా పీరుకు వేలు పగిలితె ఇత్తడి పనాయన గిట్లనే తరుగు చెప్పి పైసలు గుంజిండు.

రేడియం_సాగర్
సలీమన్న, గంపల నుంచి ఏరి కవర్ల పెట్టిన. వినైల్ అయితె కాలిస్తె వాసనొస్తది, నీళ్లల్ల కరుగది. మీ మసీదుల గిసొంటియి ఏసే డబ్బా ఏమన్న ఉందా? ఉంటె శుక్రవారం తీసుకరావాల్నా?

సలీమ్_మట్టెవాడ
శుక్రవారం ఒద్దు, బండి పెట్ట జాగ ఉండది. శనివారం అసర్ నమాజు అయినంక రా, చుక్కల ప్రూఫు గూడ తీసుకరా.